ఎర్రటోపీ మేనమామ

ఉదయగిరి,
18 మే 1979

తమ్ముడు ప్రేమానందానికి అక్క రాహేలమ్మ దీవెనలు.

ప్రభువు దయవల్ల అందరం ప్రాణాలతో ఉన్నాం. ఈ మాట ముందే రాసేస్తున్నాను. లేకపోతే నువ్వు ఆఖరి వరస దాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చదువుతావు.

పన్నెండో తేదీ గాలివాన సంగతి పేపర్లో చూసే ఉంటావు. సముద్రం ఎక్కడ, మన ఉదయగిరి ఎక్కడ అని మేం నిబ్బరంగానే ఉన్నాం. కొండ మీద నుంచి ఎవరో బండలు దొర్లిస్తున్నట్టు ఒకటే హోరు. నానిన పడమటి గోడ తెల్లవారేసరికి కూలి మీ బావ కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఆస్పత్రిలో కట్టు కట్టి, రెండు నెలలు కదలవద్దన్నారు. ఆయన సంగతి తెలుసు కదా! మంచంలో ఉండి కూడా గోడకు మట్టి ఎట్లా తొక్కాలో దారిన పోయేవాళ్లకు చెబుతున్నారు. పెద్ద మేక చచ్చిపోయింది. చింతచెట్టు పడింది గానీ ఇంటి మీద పడలేదు. అందుకు స్తోత్రం.

ఇంత కీడులోనూ ఒక మేలు ఉంది. మా వాడు వరప్రసాదం పటాలం నుంచి సెలవులో వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. ఆరోజు మదార్ సాహెబ్ బస్సు కూడా తిరగలేదు. వాడూ ఇంకో ముగ్గురూ మీ బావను మంచంతో సహా మోసుకుపోయారు. వాడే లేకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికి భయంగా ఉంది. ఇప్పుడు గోడ కూడా వాడే పెడుతున్నాడు. ఊరంతా గోడలు పడ్డాయి కాబట్టి కూలికి రమ్మంటే వచ్చే దిక్కు లేదు.

నువ్వు పెన్షన్ తీసుకుని వచ్చేది వచ్చే ఏడే కదా. అమ్మ నీకని వదిలిన జాగాకు కంచె ఎగిరిపోయింది. మళ్లీ వేయిస్తాను. సుగుణ పోయినప్పటి నుంచి నీ తిండి ఎట్లా జరుగుతోందో అనే దిగులు నన్ను వదలదు. త్వరగా వచ్చి ఆ జాగాలో రెండు గదులు వేసుకుంటే నా చేతి ముద్ద తిందువు. నీ ఎర్రటోపీ చూసి నా మేకలు బెదరకుండా ఉంటే చాలు.

నీ అక్క
రాహేలమ్మ

* * *

ఝాన్సీ,
28 మే 1979

అక్కా,

నీ ఉత్తరం చదివాక బావ కాలే కళ్లముందు మెదులుతోంది. ఆయనను మంచం దిగనివ్వకు. అవసరమైతే నా పేరు చెప్పి బెదిరించు. ఎర్రటోపీ పెట్టుకునే మిలిటరీ పోలీసు బామ్మర్ది ఉన్నందుకు ఆ మాత్రమైనా ఉపయోగం ఉండాలి.

ఇక్కడ ఎండకు ప్లాట్‌ఫారం మీద బూట్లు అతుక్కుపోతున్నాయి. నా పని నీకు తెలిసిందే. బండి వస్తుంది, యూనిఫాం వాళ్లు దిగుతారు, సెలవు కాగితం చూపించమంటాను. టోపీ సరిచేసుకోమంటాను, బొత్తాం పెట్టుకోమంటాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే. సిపాయిలకు పాకిస్తాన్ వాడి మీద కూడా ఇంత మంట ఉండదేమో. టీ కొట్టు దగ్గరికి నేను పోయి నిలబడితే, అప్పటిదాకా నవ్వుతున్నవాళ్లు నోళ్లు మూసుకుంటారు. గ్లాసు అందిస్తారు గానీ పక్కన కూర్చోమనరు. సుగుణ ఉన్న రోజుల్లో ఇంటికి రాగానే, "ఈరోజు ఎవరిని ఏడిపించినావు?" అని అడిగేది. అదే నాకు పెద్ద ఓదార్పుగా ఉండేది. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు.

నిన్న ఒక తెలుగు సిపాయి దొరికాడు. సెలవు అయిపోయి మూడు వారాలైంది. తల్లికి జబ్బు చేసిందట. "అన్నా, మీదీ మా వైపే గదా" అని నా చేతులు పట్టుకున్నాడు. పట్టుకున్న చేతులు విడిపించుకుని రిపోర్టు రాశాను, మిలిటరీ గార్డుకు అప్పగించాను. తర్వాత అన్నం సహించలేదు. తెల్లవారితే మళ్లీ అదే ప్లాట్‌ఫారం. విసుగు అనే మాట కూడా దీనికి చాలదు. ఎప్పుడు వదిలించుకుని వస్తానా అని ఉంది.

వరం సెలవు ఎప్పటిదాకా? వాడు పఠాన్‌కోట్‌లో తన యూనిట్‌కు పోవాలంటే జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో ఝాన్సీ మీదుగానే పోవాలి. ఇక్కడ బండి కాసేపు ఆగుతుంది. ముందుగా రాస్తే క్యారియర్‌తో నిలబడతాను.

బావ కోసం ప్రార్థన చేయమని నీకు చెప్పనక్కర్లేదు. నువ్వు ప్రార్థన చేస్తే కొండ మీద కోటకు వినబడుతుందని అమ్మ అనేది.

నీ తమ్ముడు
ప్రేమానందం

* * *

ఉదయగిరి,
8 జూన్ 1979

తమ్ముడికి,

ఉత్తరం అందింది. వరం మొన్న బుధవారం బయలుదేరి వెళ్లిపోయాడు. నీకు ముందుగా రాయడానికి వ్యవధి లేకపోయింది. ఏమీ అనుకోకు.

మీ బావకు నొప్పి కొంచెం తగ్గింది. మట్టి తొక్కడానికి మంచి మనిషి దొరికాడు. గోడ నడుమెత్తు లేచింది. అనంతసాగరం వైపు వానలు బాగా పడ్డాయట, మనకే ఇంకా పదును కాలేదు.

నిన్ను ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ తెలుగు పిల్లవాడిని చూసీ చూడనట్టు వదిలేస్తే నీ సొమ్మేం పోయింది? కన్నతల్లి కోసం ఆగినవాడు. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఆ రాసిన చేయి నా తమ్ముడిదేనా అనిపించింది. చిన్నప్పుడు కోడిపిల్లను గద్ద తన్నుకుపోతే రెండు రోజులు అన్నం తినలేదు నువ్వు.

పని ఉంది, ఉంటాను.

రాహేలమ్మ

* * *

ఝాన్సీ,
23 జూన్ 1979

అక్కా,

వరం బయలుదేరాడని నువ్వు రాసిన దగ్గర నుంచి రోజూ జి.టి.కి క్యారియర్ పట్టుకుని నిలబడ్డాను. వేడన్నం, పప్పు, నువ్వు పంపిన చింతకాయ పచ్చడి. డ్యూటీ లేని రోజు కూడా మామూలు చొక్కా వేసుకుని పోయాను. నన్ను చూసి వాడు బెదరకూడదని. మొదటి పెట్టె నుంచి చివరి పెట్టె దాకా "వరం, వరం" అని పిలుచుకుంటూ తిరిగాను. జనం పిచ్చివాడిని చూసినట్టు చూశారు. బండి పోయాక ఆ అన్నం కూలివాళ్లకు పెట్టి వచ్చాను.

నువ్వు బుధవారం అన్నావు. ఈపాటికి ఇంకో రెండు బుధవారాలు పోయాయి.

కూలికి వచ్చే దిక్కు లేదని మే నెలలో రాశావు. వరం వెళ్లిపోయాక మాత్రం గోడ నడుమెత్తు లేచింది. అక్కా, పద్దెనిమిదేళ్లుగా జనం చెప్పేవి వినడమే నా ఉద్యోగం. నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. చేతకానందుకు నాకు సంతోషమే.

నేను ఏమీ అడగను. వాడు ఇంట్లో ఉంటే మాత్రం ఈ ఒక్క మాట వాడికి చదివి వినిపించు. తన కాళ్ల మీద తాను తిరిగి వచ్చినవాడు వేరు, బేడీలతో వచ్చినవాడు వేరు. ఇద్దరినీ చూసినవాడిని చెబుతున్నాను. మొదటివాడికి కొన్నాళ్ల ఖైదుతో పోతుంది, ఉద్యోగం నిలబడుతుంది. రెండోవాడికి అన్నీ పోతాయి. సెలవు దాటితే యూనిట్ వాళ్లు జిల్లా పోలీసులకు కాగితం పంపిస్తారు. దానికి ఎవరూ చాడీలు చెప్పనక్కర్లేదు. దానంతటదే నడుచుకుంటూ వస్తుంది. అది రాకముందే వాడిని నెల్లూరులో జి.టి. ఎక్కించు. ఝాన్సీలో నేను దించుకుంటాను.

ప్రేమానందం

* * *

ఉదయగిరి,
2 జులై 1979

తమ్ముడూ,

నీ దగ్గర దాచాలని చూడటం నాదే బుద్ధితక్కువ. వరం వెళ్లలేదు.

వాడు దొంగతనంగా ఆగలేదురా. సెలవు పొడిగించమని ఆత్మకూరు పోయి టెలిగ్రాం ఇచ్చాడు. తీగెలు తెగి ఉన్నాయి, బాగయ్యాక పంపిస్తామని తీసుకున్నారు. జవాబు రాలేదు. "మౌనం అర్ధాంగీకారమని పెద్దలు ఊరికే అన్నారంట్రా? వద్దనుకుంటే వద్దని కొట్టేవాళ్లు గదా. ఉండు, గోడ పైకి లేవనీ" అన్నారు మీ బావ. వాడు ఉన్నాడు. తర్వాత నీ ఉత్తరంలో ఆ తెలుగు పిల్లవాడి సంగతి చదివాడు. అప్పటి నుంచి వాడికి కాళ్లాడలేదు. రేపు పోతానంటాడు, రేపు వస్తే ఎల్లుండి అంటాడు. ఆలస్యమైనకొద్దీ భయం, భయం కొద్దీ ఆలస్యం. "ఇంట్లో మామే వదలడు, బయటోళ్లు వదుల్తారా మా?" అంటాడు.

మొన్న మంగళవారం ఇద్దరు పోలీసులు వచ్చి వాడి పేరు అడిగిపోయారు. అప్పుడు పొలంలో ఉండబట్టి సరిపోయింది. చీకటి పడకముందే మదార్ సాహెబ్ బస్సులో ఆత్మకూరుకు పంపేశాను. మా ఆడబిడ్డ ఓబమ్మ ఇంట్లో ఉన్నాడు. ఈ సంగతి నీకు తప్ప పుట్టిన మనిషికి చెప్పలేదు. బుధవారం స్త్రీల ప్రార్థనలో దేవుని పాదాల దగ్గర పెట్టుకుని ఏడ్చాను, అంతే.

నువ్వు దించుకుంటానన్నావు. మేనమామగా దించుకుంటావా, ఎర్రటోపీగా దించుకుంటావా? అది రాయలేదు. రాస్తే పంపిస్తాను.

అక్క

* * *

ఝాన్సీ,
10 జులై 1979

అక్కా,

నువ్వు అడిగిన దానికి జవాబు వెతికాను. నీకు కావలసిన జవాబు నా దగ్గర లేదు. మామ, టోపీ అని ఇద్దరు మనుషులు లేరు ఇక్కడ. ఉన్నది ఒక్కడే. బండి దిగినవాడిని నేను వదిలిపెట్టను. అబద్ధం చెప్పి రప్పించుకోలేను. కానీ వాడు దిగితే పట్టుకునే చేయి నాదే అవుతుంది. ఇంకొకడిది కానివ్వను. నాకు చేతనైంది ఇంతే.

మన ఊళ్లో మౌనం అర్ధాంగీకారం. సైన్యంలో జవాబు రాకపోతే కుదరదనే అర్థం. టెలిగ్రాం చేతికి వచ్చేదాకా సెలవు లేనట్టే. ఈ చిన్న సంగతి వాడికి చెప్పలేదు నేను. వాడిని సైన్యంలో చేరమన్నది మాత్రం నేనే. ఇది గుర్తొస్తే టోపీ ఇంకా బరువుగా ఉంటోంది.

త్వరగా పంపించు. నేను క్యారియర్ తీసుకుపోవడం మానలేదు.

ప్రేమానందం

* * *

ఉదయగిరి,
14 జులై 1979

ప్రేమానందానికి,

పదకొండో తేదీన పోలీసులు నేరుగా ఓబమ్మ ఇంటికి పోయారు. వీధి అడగలేదు, ఇల్లు అడగలేదు. తిన్నగా పోయి తలుపు కొట్టారు. ఓబమ్మ మర్నాడే వచ్చి మా వాకిట్లో కూలబడి చెప్పింది. "వదినా, ఎవురో చెప్పకపోతే వాళ్లకెట్టా తెలస్తాది? మీ వోడు యాడుండాడో మాకు తెలుసులే అన్నారు. బిడ్డ తింటా తింటా కంచం ఇడిసిపెట్టి పెరటిగోడ దూకినాడు. చెప్పులు కూడా ఏసుకోలేదు" అంది.

మూడు రోజులు. వాడు ఎక్కడున్నాడో తెలియదు. తిన్నాడో లేదో తెలియదు. సోమశిల డ్యాం పనుల్లో వెతికించాను, చేజర్లలో అడిగించాను. మీ బావ కర్ర పట్టుకుని లేవబోయి పడ్డారు.

నీకు తప్ప ఎవరికీ చెప్పలేదని రాశాను కదా. నీ జవాబు ఇంకా రాలేదు, పోలీసులు మాత్రం వచ్చారు. మీవాళ్లకు వైర్‌లెస్సులు ఉంటాయి, ఉత్తరాలతో పని లేదు. ఇంకో పట్టీ వస్తుందేమో భుజం మీద. కుట్టించుకో.

అమ్మ జాగా మీద ఆశ పెట్టుకోకు. అందులో జొన్న చల్లిస్తాను. నాకు తమ్ముడు లేడు.

రాహేలమ్మ

* * *

ఝాన్సీ,
15 జులై 1979

అక్కా,

నిన్న సాయంత్రం ఇచ్చిన టెలిగ్రాం ఈపాటికి అంది ఉండాలి. వరం నా దగ్గరికి వచ్చాడు. క్షేమంగా ఉన్నాడు. కింద వివరంగా రాస్తున్నాను, బావకు చదివి వినిపించు.

పదమూడో తేదీ జి.టి. వచ్చింది. నేను డ్యూటీలో ఉన్నాను. వాడు యూనిఫాంలో లేడు. నలిగిన చొక్కా, ఎవరివో పాత చెప్పులు. నా పక్కనుంచి జనంలో పోయి ఉంటే ఆపే పని కూడా ఉండేది కాదు. నేను అటు తిరిగి ఒక జవాను కాగితం చూస్తున్నాను. వాడే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"మామా, నేనే వచ్చినాను. ఎవురూ తేలేదు" అన్నాడు.

ఆ జవానుకు కాగితం తిరిగి ఇచ్చేశాను. "తిన్నావంట్రా?" అన్నాను. నెల్లూరులో ఎక్కిన దగ్గర నుంచి టీ నీళ్లేనట. ఓబమ్మ ఇంటి వెనక నుంచి బస్టాండుకు పోతే మదార్ సాహెబ్ ఒక్క మాట కూడా అడగకుండా ఎక్కించుకున్నాడట. ఆ చెప్పులు ఆయనవే. రైలు టికెట్టు కూడా ఆయనే తీశాడు. మంచి మనిషి, మరిచిపోకండి.

టోపీ తీసి బెంచీ మీద పెట్టాను. ఇద్దరం కూర్చుని క్యారియర్ విప్పుకున్నాం. అక్కా, పద్దెనిమిదేళ్లలో ప్లాట్‌ఫారం మీద నా పక్కన కూర్చుని అన్నం తిన్న సిపాయి వాడొక్కడే. అటూ ఇటూ పోయే జవాన్లు ఆగి మరీ చూశారు. వాడు ముద్దలు కలుపుతూ గోడ సంగతి చెప్పాడు, ఇంకా మూరెడు లేవాలట. నేను తినలేకపోయాను. వాడి వీపు మీద చేయి వేసుకుని కూర్చున్నాను.

తర్వాత చేయి కడుక్కుని టోపీ పెట్టుకున్నాను. "పద" అన్నాను. పెద్దగా ఏడవలేదు వాడు. తనంతట తాను వచ్చి లొంగిపోయాడని నా చేత్తో రాశాను. అది అబద్ధం కాదు కాబట్టి రాయడానికి హాయిగా ఉంది. బేడీలు వేయలేదు. పఠాన్‌కోట్ దాకా నేనే తీసుకుపోతానని మా ఆఫీసరు సాహెబును అడిగాను, ఒప్పుకున్నాడు. రేపు బయలుదేరుతున్నాం.

ఇన్నాళ్లకు ఈ ఉద్యోగంలో ఒక్క పని మనసుకు పట్టింది. కొంచెం నిద్ర పడుతుందేమో చూడాలి.

నీ తమ్ముడు
ప్రేమానందం

* * *

ఝాన్సీ,
26 జులై 1979

అక్కా,

పఠాన్‌కోట్ నుంచి వచ్చేసరికి నీ పద్నాలుగో తేదీ ఉత్తరం ఉంది.

వరానికి ఇరవై ఎనిమిది రోజుల ఖైదు వేశారు. ఉద్యోగం పోలేదు.

పోలీసులకు నేను చెప్పలేదు. ఇంతకు మించి రాసే ఓపిక లేదు. సిపాయిలు నన్ను అనుమానించడం నాకు అలవాటే. వాళ్లకు నేను తమ్ముడిని కాను కాబట్టి సరిపోయేది.

ఆ నేలకు జొన్న కంటే సజ్జ మేలు.

ప్రేమానందం

* * *

ఉదయగిరి,
20 ఆగస్టు 1979

తమ్ముడూ,

నీ టెలిగ్రాం పదహారో తేదీన వచ్చింది. అప్పటికే నా ఉత్తరం డబ్బాలో పడిపోయింది. పోస్టాఫీసుకు పరుగెత్తిపోయి వెనక్కి ఇమ్మని అడిగాను. సంచి వెళ్లిపోయిందన్నారు. నీ నాలుగు వరసలు చూశాక ఏ ముఖం పెట్టుకుని రాయను అనుకుంటూ ఇన్నాళ్లు ఆగాను. నిన్న తెలిసిన సంగతి తర్వాత ఆగలేకపోయాను.

నిన్న గుడి అయ్యాక హెడ్డు కానిస్టేబులు భార్య నా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకుంది. ఆమె మన స్త్రీల ప్రార్థనకు కొత్తగా వస్తోంది. "రాహేలమ్మక్కా, మీ బిడ్డ మళ్లీ ఉద్యోగంలో చేరినాడంట, స్తోత్రం. ఆ పొద్దు మీరు ఏడ్చిన ఏడుపుకు నా కడుపు తరుక్కపోయినాది. ఇంటికి పోయి మా ఆయనకు అన్నం పెడతా చెప్పినాను, పాపం ఆ బిడ్డ ఆత్మకూర్లో ఓబమ్మ ఇంట్లో బిక్కుబిక్కుమంటా ఉండాడంట, మీరు కూడా ప్రార్థన చేయండి అని" అంది. ఆమె ముఖంలో కల్మషం లేదురా. ఆయన ప్రార్థన మాత్రం చేయలేదు.

దేవునితో చెప్పుకుంటే మనుషులతో చెప్పినట్టు కాదనుకున్నాను. ఇంటి పేరు, వీధి పేరు కూడా చెప్పుకున్నాను, దేవునికి దారి తెలియదన్నట్టు. ముప్పై మంది ఆడవాళ్లు కళ్లు మూసుకున్నారు గానీ చెవులు మూసుకోలేదు. మీ బావ విని, నవ్వాలో ఏడవాలో తెలియక గోడ వైపు తిరిగి పడుకున్నారు. నా ప్రార్థన కోటకు వినబడుతుందని అమ్మ అన్న మాట నీ ఉత్తరంలో మళ్లీ చదువుకున్నాను. ఓబమ్మ ఇంటికి పోలీసులు పోయారని నేను రాసినప్పుడే నీకు తెలిసిపోయి ఉంటుంది. తెలిసి కూడా నన్ను ఒక్క మాట అనలేదు.

నిన్ను ఎంత మాట అన్నాను! ఎర్రటోపీ కదా, ఇట్లాగే చేస్తాడు అనుకున్నాను. నిన్ను ఎత్తుకుని పెంచిన దాన్ని, నేనే అట్లా అనుకున్నాను. క్షమించమని అడుగుతున్నాను. క్రిస్మసుకు రా.

జొన్న చల్లించలేదు.

నీ అక్క

* * *

ఉదయగిరి,
6 జనవరి 1980

తమ్ముడూ,

ఇది నాలుగో ఉత్తరం. ఆగస్టులో ఒకటి, అక్టోబరులో ఒకటి, క్రిస్మసుకు ముందు ఒకటి. దేనికీ జవాబు లేదు. నువ్వూ రాలేదు. నువ్వు ఒంట్లో బాగానే ఉన్నావని వరం రాస్తే తెలుసుకున్నాను. వాడికి మాత్రం రాస్తున్నావట. పోనీలే, అక్కడికైనా రాస్తున్నావు.

మీ బావ ఇప్పుడు కర్ర లేకుండా వాకిలి దాకా వస్తున్నారు. వరం పెట్టిన గోడకు మిగతా మూరెడు ఆయనే లేపారు, కాస్త వంకరగా వచ్చింది. మదార్ సాహెబ్‌కు టికెట్టు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కొత్త చెప్పులు కొనిపెడితే మాత్రం వేసుకున్నాడు.

ఇక అసలు సంగతి. జవాబు రాకపోతే కుదరదనే అర్థమని నువ్వు రాశావు. అది మీ సైన్యంలో. ఈ జాగా ఉదయగిరిలో ఉంది, దీనికి మన ఊరి చట్టమే. నువ్వు మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకున్నావని సోమవారం పునాది తీయించాను. రెండు గదులు, ముందు చిన్న పంచ. రాళ్లు వచ్చాయి. మేస్త్రీ గౌస్ మొహిద్దీన్ రోజూ పొద్దున్నే వచ్చి, "వాకిలి ఎటు పెట్టాలమ్మా? మీ తమ్ముణ్ని అడిగినారా?" అంటున్నాడు. రోడ్డు వైపు పెడితే బస్సులూ మనుషులూ కనబడుతుంటారు, పొద్దుపోతుందని నా ఉద్దేశం. నీ ఇష్టమేమిటో రాయి. వాకిలి దగ్గర పని ఆగి ఉంది.

నీ అక్క
రాహేలమ్మ

* * *

ఝాన్సీ,
18 జనవరి 1980

అక్కా,

కార్డు మీద రాస్తున్నాను, చోటు తక్కువ.

ఇన్నాళ్లూ రాయకపోవడం కోపంతో కాదు. అలసిపోయాను, అంతే. నీ ఉత్తరాలు నాలుగూ తలగడ కిందే ఉన్నాయి. ప్రార్థనలోనే బయటపడి ఉంటుందని నీ పద్నాలుగో తేదీ ఉత్తరం చదివినప్పుడే అనుకున్నాను. నీ నోటితోనే రావాలని ఊరుకున్నాను.

మే నెలాఖరుకు నన్ను వదిలేస్తారు. టోపీ ఇక్కడే అప్పజెప్పి వస్తాను.

వాకిలి రోడ్డు వైపు వద్దు. వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ చూసింది చాలు. కొండ వైపు పెట్టమని చెప్పు.

నీ తమ్ముడు
ప్రేమానందం